ఆ రంగు కుందేళ్ల డబ్బు వెనక్కి ఇస్తున్నాను

నమస్కారం అండీ. ఇంగ్లండ్‌లోని రెడింగ్ శనివారం సంతలో నా బల్ల దగ్గర నాణేలు కొనేవాళ్లకీ, పోస్టులో తెప్పించుకునేవాళ్లకీ ఇది రాస్తున్నాను. కాస్త పెద్దదే. ఓపిక లేకపోతే ఈ పైముక్క చదివినా చాలు.

పోయిన దీపావళికి నేను ఎర్ర గిఫ్ట్ బాక్సుల్లో పెట్టి అమ్మిన రంగుల పీటర్ రాబిట్ (పిల్లల కథలోని కోటు తొడుక్కున్న కుందేలు) 50 పెన్స్ నాణేలకు ఆ రంగు వేసింది రాయల్ మింట్, అంటే ఇక్కడి ప్రభుత్వ నాణేల ముద్రణ సంస్థ, కాదు. నాణెం అసలుదే, రంగు మాత్రం బయటివాళ్లెవరో వేసింది. నేను మీకు "రాయల్ మింట్ రంగుల నాణెం" అని చెప్పి ఒక్కోటి 12 పౌండ్లకు అమ్మాను. అది తప్పు. తెలియక చేశాను, కానీ తెలుసుకోవాల్సిన బాధ్యత నాదే. మొత్తం 96 అమ్మాను. కొన్న ప్రతి ఒక్కరికీ పూర్తి డబ్బు తిరిగి ఇస్తాను. నాణెం వెనక్కి పంపక్కర్లేదు, పిల్లల దగ్గరే ఉండనివ్వండి.

విషయం ఎలా బయటపడిందో చెప్తాను. మన కస్టమర్ ఒకావిడ ఫోటో పంపారు. వాళ్ల నాలుగేళ్ల పాప నెయ్యి చేతులతో నాణెం పట్టుకుంటే, ఆవిడ టిష్యూ మీద శానిటైజర్ వేసి తుడిచారట. టిష్యూ మీద నీలం మరక. పీటర్ కోటు ఒక భుజం వైపు తెల్లబడింది. "ఇది ఇలాగే ఉంటుందా అండీ?" అని అడిగారు, అంతే. ఒక్క మాట అనలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే మిగిలిన బాక్సుల్లోంచి ఒకటి తీసి భూతద్దం కింద పెట్టాను. కోటు కాలర్ దగ్గర చెక్కిన గీత ఒకచోట ఉంటే నీలం రంగు ఆ గీత దాటి మీసాల వైపు పాకి ఉంది. రంగు అంచు గోళ్లరంగు ఎండినట్టు కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. వేలితో తడిమితే తెలుస్తోంది. అన్నిటికన్నా ముఖ్యం, రంగు కిందే సన్నసన్నటి గీతలు కనిపిస్తున్నాయి. అంటే ఆ నాణెం షాపుల గల్లాల్లో, జనం జేబుల్లో బాగా తిరిగాక దానికి రంగు వేశారన్నమాట. తర్వాత నెయిల్ పాలిష్ రిమూవర్ ఒక చుక్క దూదికి అద్ది రాశాను. కోటు మొత్తం దూదిలోకి వచ్చేసింది. కింద మామూలు బూడిదరంగు కుందేలు. తూకం వేస్తే సరిగ్గా 8 గ్రాములు, వెడల్పు 27.3 మిల్లీమీటర్లు, వెనక రాణిగారి మెడ కింద ఆవిడ బొమ్మ చెక్కిన జోడీ క్లార్క్ పొడి అక్షరాలు. ఏ తేడా లేదు. అది 2016లో చెలామణిలోకి వచ్చిన నిఖార్సైన 50 పెన్స్. అలాంటివి ఈ దేశంలో తొంభై లక్షలకు పైగా ఉన్నాయి. దాని విలువ 50 పెన్స్.

మా అమ్మమ్మ ఇలాంటి వస్తువుల్ని "పైన పటారం, లోన లొటారం" అనేది. లోపలి నాణేన్ని లొటారం అనడానికి నాకు మనసొప్పదు. ఆ కుందేలు చేసిన తప్పేమీ లేదు. పటారం మాత్రం నేను అమ్మిందే.

నేను ఎక్కడ పొరబడ్డానంటే, 2016లో రాయల్ మింట్ నిజంగానే రంగుల పీటర్ రాబిట్ అమ్మింది. ఆ కుందేలు కథ రాసి బొమ్మలు వేసిన బీట్రిక్స్ పాటర్ గారు పుట్టి 150 ఏళ్లయిన సందర్భంగా ఆ సంవత్సరం అయిదు బొమ్మలతో నాణేలు వచ్చాయి: పాటర్ గారి పేరిట ఒకటి, పీటర్ రాబిట్, జెమీమా బాతు, స్క్విరల్ నట్కిన్, మిసెస్ టిగ్గీవింకిల్. బొమ్మలు గీసింది ఎమ్మా నోబుల్. వీటిలో రంగు వేసినవి వెండివి. స్టెర్లింగ్ వెండి, ప్రూఫ్ ఫినిష్ (కలెక్టర్ల కోసం అద్దంలా మెరిసేలా అచ్చువేసినవి), పెట్టె, సర్టిఫికెట్‌తో వచ్చేవి. మన చిల్లరలో దొరికేవి రాగి, నికెల్ కలిపినవి, వాటికి రంగు లేదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. హోల్‌సేల్‌లో ఒకాయన "ప్యాకింగ్‌లో మిగిలిపోయిన సరుకు" అని చెప్పి 140 నాణేలు ఒక్కోటి నాలుగున్నర పౌండ్లకు ఇచ్చారు. ప్రూఫ్ వెండి నాణెం నాలుగున్నర పౌండ్లకు ఎలా వస్తుందని ఆ క్షణంలో ఒక్కసారి ఆలోచించి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. దీపావళి హడావిడి, ఆర్డర్ల టెన్షన్. వీటిని సాకులుగా చెప్పడం లేదు, జరిగింది చెప్తున్నాను. ఆయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

మీ ఇంట్లో ఇంకెవరి దగ్గరైనా కొన్న రంగు నాణేలుంటే ఇలా చూసుకోండి. 2016 నుంచి 2018 దాకా వచ్చిన పాటర్ నాణేల్లో రంగు ఉండి, పెట్టె, సర్టిఫికెట్ లేకపోతే అనుమానించండి. బంగారు పూత పూసిన 50 పెన్స్ అని విడిగా ప్లాస్టిక్ డబ్బీలో అమ్మేవాటి సంగతీ చాలావరకు ఇంతే, చెలామణి నాణేనికి బయట పూత పూసినవి. విన్నీ ద పూ, డైనోసార్ల నాణేలు వచ్చేసరికి మాత్రం రాయల్ మింట్ వెండి కానివాటికి కూడా తనే రంగులద్ది ప్యాకెట్లలో అమ్మింది. అంచేత రంగున్నదల్లా దొంగ సరుకని కంగారుపడి పిల్లల దగ్గర లాక్కోకండి. ఫోటో పంపండి, చూసి చెప్తాను. అసలు కాయిన్ కలెక్టర్లు బయటి రంగు పడిన నాణేన్ని పాడైన నాణెం కిందే లెక్కగడతారు. అందుకే ఇకమీదట బయటి రంగులవి, పూతలవి ఏవీ నా బల్ల మీద ఉండవు.

ఇంకో మాట కూడా వెనక్కి తీసుకోవాలి. పోయిన సంక్రాంతికి పంపిన మెసేజ్‌లో "పిల్లల పేరున బంగారం కొన్నట్టే" అని రాశాను. అలా రాయకుండా ఉండాల్సింది. అది చదివి ఒకాయన ఒకే రకం నాణేలు నలభై కొన్నారు. ఆయనతో విడిగా మాట్లాడాను, వాటిని ఆయన కొన్న ధరకే తిరిగి తీసుకుంటున్నాను.

లెక్కలు చూడండి. 2017లో బెంజమిన్ బన్నీ బొమ్మతో రెండున్నర కోట్ల నాణేలు చెలామణిలోకి వదిలారు. అదే ఏడాది పీటర్ రాబిట్ దాదాపు రెండు కోట్లు. ఇంతింత ఉన్నప్పుడు ధర ఎందుకు పెరుగుతుంది? అందరూ నన్ను జెమీమా బాతు ఉందా అనే అడుగుతారు. 2016 వాటిలో తక్కువ అచ్చయింది అదే, 21 లక్షలు. ఆ పేరు అలా నోళ్లలో పడిపోయింది. నిజానికి 2018లో వచ్చిన పీటర్ రాబిట్, ఫ్లాప్సీ బన్నీ చెరి 14 లక్షలే. మిసెస్ టిటిల్‌మౌస్ 17 లక్షలు. జెమీమా కన్నా ఇవే తక్కువ, అయినా వీటి గురించి అడిగేవాళ్లు తక్కువ. కలెక్టర్లు ఎగబడే, లండన్‌లోని క్యూ గార్డెన్స్ తోట పేరిట వచ్చిన 50 పెన్స్ 2009లో 2 లక్షల 10 వేలే వచ్చింది. ఈ తేడా ఎంతో చూస్తే చాలు, మన కుందేళ్ల స్థానం ఎక్కడో అర్థమవుతుంది.

పేపర్లో "ఈ 50 పెన్స్ మీ దగ్గరుందా, వేల పౌండ్లు" అని వస్తుంటుంది. అది ఎవరో అడిగిన ధర. ఆ ధరకు ఎవరైనా కొన్నారా అన్నది వేరే సంగతి. వేలం సైట్లలో అమ్ముడైనవాటి జాబితా వేరుగా చూపిస్తుంది, అక్కడ చూడండి. నా బల్ల మీద రాసిన ధర కూడా అంతే, అది నేను అడిగే ధర. మీరు తిరిగి నాకే అమ్మినా నేను అంత ఇవ్వలేను. మధ్యలో తేడాతోనే నా దుకాణం నడుస్తుంది. ఈ మాట ఇకనుంచి కొనేముందే చెప్తాను.

మరి ఎందుకు కొనాలి అంటారా? నాకైతే దీనికి జవాబు మా అబ్బాయి దగ్గర దొరికింది. 2016లో బేకరీలో ఇచ్చిన చిల్లర వాడి చేతిలో పెడితే, ఏడు పలకల నాణేన్ని బల్ల మీద దొర్లిస్తూ దొర్లిస్తూ ఆగిపోయి "అమ్మా, ఇందులో కుందేలుంది, కోటు వేసుకుంది" అన్నాడు. ఆ సాయంత్రం లైబ్రరీ నుంచి ఆ కథ తెచ్చి, ఇంగ్లిషులో చదువుతూ తెలుగులో చెప్పాను. మెగ్రెగర్ తాత తోటలో ముల్లంగి దొంగతనం చేసిన కుందేలు. మా ఊళ్లో పొలం గట్టున కుందేళ్లను తరిమిన తాతయ్య కథలన్నీ ఆ వారంలోనే బయటికొచ్చాయి. నా వ్యాపారం మొదలైంది అక్కడ.

పాటర్ గారి సంగతి చదివిన కొద్దీ ఈమధ్య నాకు సిగ్గుగానే ఉంది. 1893లో జబ్బుపడ్డ అయిదేళ్ల పిల్లవాడు నోయెల్‌కు ఆవిడ రాసిన ఉత్తరంలో పుట్టింది ఈ కుందేలు. ప్రచురణకర్తలు కాదంటే 1901లో సొంత డబ్బుతో 250 కాపీలు వేయించుకున్నారు, మొదటి పేజీ బొమ్మ ఒక్కటి తప్ప లోపలి బొమ్మలన్నీ నలుపు తెలుపుల్లోనే. పుస్తకం చిన్నగా ఉండాలి, పిల్లలు కొనుక్కోగలిగే ధరలో ఉండాలి, ఇదీ ఆవిడ పట్టు. ఆ తర్వాత ఫ్రెడరిక్ వార్న్ కంపెనీ వేసుకుంటామంది, బొమ్మలకు రంగులు ఉండాలని అడిగింది. ఆవిడ రంగులు వేసి ఇచ్చారు. 1902లో ఆ పుస్తకం వచ్చింది, అయినా ధర ఒక షిల్లింగే. మరుసటి ఏడాది, నకిలీలు రాకుండా, తన చేత్తో కుట్టిన పీటర్ బొమ్మను పేటెంట్ ఆఫీసులో రిజిస్టర్ చేయించారు. రంగు ఎవరు వేశారు, పిల్లలకు ఎంతకు అందుతోంది, అసలుదా కాదా, ఈ మూడూ నూట ఇరవై ఏళ్ల కిందటే ఆవిడ చూసుకున్నారు. నేను దీపావళికి ఆ మూడింటిలోనూ తప్పాను.

మధ్యలో ఒక చిన్న మనవి, పెద్దావిడలందరికీ. నాణేలను చింతపండుతో తోమకండి, నిమ్మకాయతో రుద్దకండి. ఇద్దరు అత్తయ్యలు దేవుడి సామాన్లతో పాటు జెమీమాను కూడా తళతళలాడించి తెచ్చారు. వాళ్ల ప్రేమ నాకు అర్థమైంది. కానీ పులుపు నాణెం పైపొరను తినేస్తుంది, పొడి గీతలు పెడుతుంది, ఆ మెరుపు కొత్తదనపు మెరుపు కాదు. మరీ జిడ్డుగా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి ముంచి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. అంతకుమించి ఏమీ వద్దు.

ఇప్పుడు డబ్బు సంగతి. 96 నాణేలకు 1,152 పౌండ్లు. ఇప్పటికి 58 నాణేలవి, 696 పౌండ్లు, తిరిగి ఇచ్చేశాను. పోస్టులో కొన్నవాళ్లందరికీ చేరింది. మిగిలిన 38 సంతలో నగదుకు కొన్నవి. ఎవరెవరు కొన్నారో నా దగ్గర రాసిలేదు. రసీదు లేకపోయినా ఫర్వాలేదు. ఆ ఎర్ర బాక్స్ గానీ నాణెం గానీ ఫోటో చూపిస్తే చాలు. మీరు కొని ఎవరికైనా కానుకగా ఇచ్చి ఉంటే, వాళ్లకు చెప్పడం మొహమాటం అనిపిస్తే, మీరే వచ్చి డబ్బు తీసుకోండి. దీనికి గడువేమీ పెట్టలేదు. ఈ లోటు పూడేదాకా కొత్త సరుకు కొనడం ఆపాను, కాబట్టి సీలు తీయని 2018 ప్యాకెట్ల కోసం అడిగినవాళ్లు కొంచెం ఆగాలి. ముందుగా ఇచ్చిన అడ్వాన్సులు అడిగితే వెంటనే ఇచ్చేస్తాను.

అమ్ముడుపోని 44 నాణేలకు మా అబ్బాయీ నేనూ రెండు సాయంత్రాలు కూర్చుని దూదితో రంగు తీసేశాం. ఇప్పుడు అవి బల్ల మీద చిల్లర బుట్టలో ఉన్నాయి. ఈ బుట్ట కొత్తగా మొదలుపెట్టాను. ప్రతి వారం బ్యాంకు నుంచి 50 పెన్స్ సంచులు, ఒక్కోదాంట్లో ఇరవై నాణేలుండేవి, అయిదు తెచ్చి ఏరకుండా అలాగే బుట్టలో పోస్తాను. పిల్లలు తమ 50 పెన్స్ ఒకటి అందులో వేసి, నచ్చింది ఒకటి తీసుకోవచ్చు. ఏది దొరికినా 50 పెన్సే.

పోయిన శనివారం ఏడెనిమిదేళ్ల బాబు మోచేతిదాకా చెయ్యి పెట్టి చాలాసేపు వెతికాడు. వెనక వాళ్లమ్మ బస్సు టైమయిందని తొందర పెడుతోంది. చివరికి టోపీ పెట్టుకున్న బాతును పట్టుకుని పైకి తీశాడు. జెమీమా. నా గుండె ఒక్క క్షణం ఆగింది, ముందు ఏరి పెట్టుకుంటే అమ్మేదాన్నే కదా అని. వాళ్లమ్మ బల్ల మీద ధరల అట్ట చూసి, "దీనికి ఇంకా ఎంత ఇవ్వాలండీ?" అంది.

"ఏమీ ఇవ్వక్కర్లేదమ్మా, వాడు 50 పెన్స్ వేశాడుగా" అన్నాను.

ఈ శనివారం పొద్దున పదింటి నుంచి ఉంటాను. ఎర్ర బాక్సులు తీసుకురండి.