నాటకాలు చూపిస్తామని తీసుకెళ్లి భవనాలు చూపించిన లండన్ యాత్రపై ఫిర్యాదు

అమలాపురం,
18 ఆగస్టు 2025.

విదేశీ యాత్రల విభాగం మేనేజరు గారికి,

విషయం: జూన్ 2025లో మా కళాశాల నాటక బృందానికి మీ సంస్థ నిర్వహించిన ఎనిమిది రోజుల లండన్ యాత్రలో, ఒప్పుకున్న నాటక ప్రదర్శనలు చూపించకపోవడం గురించి.

అయ్యా,

నేను అమలాపురంలోని ఒక డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకుణ్ణి. పదకొండేళ్లుగా మా విద్యార్థుల నాటక బృందం బాధ్యత కూడా చూస్తున్నాను. జూన్ మూడో వారంలో 22 మంది విద్యార్థులు, నేను, మరొక అధ్యాపకురాలు, మొత్తం 24 మందిమి మీ సంస్థ ద్వారా లండన్ వెళ్లి వచ్చాం. తలకు 1,98,000 రూపాయల చొప్పున 47,52,000 రూపాయలు, దానిపై 5 శాతం టీసీఎస్ (విదేశీ యాత్ర సొమ్ముతో పాటే మీరు వసూలు చేసి ప్రభుత్వానికి జమ చేసే ఆదాయపు పన్ను) కింద 2,37,600 రూపాయలు మీకు చెల్లించాం. చివరి వాయిదా కట్టింది మే 15న. మీరు సంతకం చేసి ఇచ్చిన యాత్రా ప్రణాళికలో నాలుగు నాటకాలు ఉన్నాయి. వాటిలో మేము మొదటి నుంచి చివరి దాకా, కళ్లకు అడ్డం లేకుండా చూసినది ఒక్కటి కూడా లేదు.

విమాన ప్రయాణం, వీసా పనులు, బస, భోజనం విషయంలో మాకు ఏ ఫిర్యాదూ లేదని ముందే చెబుతున్నాను. హైదరాబాదులో వీసా కేంద్రం దగ్గర మీ ఉద్యోగి ఒకరు మా పిల్లల కాగితాలన్నీ ఓపిగ్గా సరిచూసి పెట్టారు. శాకాహారులైన ముగ్గురికి రోజూ వేరుగా భోజనం అందింది. అయితే ఆ మంచిని చూపించి అసలు లోపాన్ని కప్పివేయవద్దని కోరుతున్నాను. మేము వెళ్లింది నాటకాలు చూడటానికి.

ఆ మాటకు మా దగ్గర ఎంత బరువుందో మీకు తెలియాలి గనక కొంచెం వివరిస్తాను. గోదావరి జిల్లాల్లో విద్యార్థులకూ నాటకానికీ ఉన్న సంబంధం నిన్నటిది కాదు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1880లో రాజమహేంద్రవరంలో తన విద్యార్థుల చేత ఆడించిన నాటకాల్లో ‘చమత్కార రత్నావళి’ ఒకటి. అది షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కు తెలుగు అనుసరణ. తెలుగు నాటకం రంగస్థలం ఎక్కిన ఆ తొలి రోజుల్లోనే షేక్‌స్పియర్ పాత్రలు గోదావరి గట్టున విద్యార్థుల నోట తెలుగు మాట్లాడాయి. పంతులు గారి పుట్టినరోజైన ఏప్రిల్ 16న, తెలుగు నాటకరంగ దినోత్సవం సందర్భంగా, మా బృందం ఏటా ఒక నాటకం వేస్తుంది. వచ్చే ఏప్రిల్‌లో ‘రోమియో అండ్ జూలియట్’ను మా కోనసీమ మాటల్లో వేయాలని అనుకుని, అదే నాటకం ఈ వేసవిలో లండన్ గ్లోబ్ థియేటర్‌లో ఆడుతున్నదని తెలిసి, ఈ యాత్ర తలపెట్టాం. మీ కార్యాలయానికి వచ్చిన మొదటి రోజే ఈ సంగతంతా చెప్పాను. ఫిబ్రవరిలో పంపిన ఉత్తరంలో రాశాను కూడా.

పిల్లలు కట్టిన డబ్బు కొబ్బరి దింపుల మీద వచ్చినది, రొయ్యల చెరువు కౌలు మీద వచ్చినది. ఒక అమ్మాయి తల్లి రెండేళ్లు దాచుకున్న చీటీని నష్టానికి పాడి ఆ సొమ్ము తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆమెకు నేను ఇచ్చిన మాట మీరు నాకు ఇచ్చిన మాటే.

గ్లోబ్ విషయం అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది కాబట్టి ముందు దాని గురించే రాస్తున్నాను. ప్రణాళికలో రెండో రోజుకు ఎదురుగా ‘గ్లోబ్ థియేటర్‌లో మధ్యాహ్నం నాటక ప్రదర్శన, నిలబడి చూసే టికెట్లు’ అని స్పష్టంగా ఉంది. ఆ ఉదయం మీ టూర్ మేనేజరు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి, థియేటరు చరిత్ర చెప్పే గైడు వెంట నలభై నిమిషాల పాటు లోపల తిప్పించి, బయటికి రాగానే బస్సెక్కమన్నారు. నాటకం ఎన్ని గంటలకని అడిగితే, ఆడపిల్లలు రెండున్నర గంటలు నిలబడలేరనీ, వాన వస్తే నెత్తిన కప్పు ఉండదనీ, అందుకని మా సౌకర్యం కోసమే ప్రదర్శనకు బదులు సందర్శన ఏర్పాటు చేశారనీ, మధ్యాహ్నం మైనపు బొమ్మల ప్రదర్శనశాల చూద్దామనీ చెప్పారు. అప్పటిదాకా ఈ మార్పు గురించి మాతో ఒక్క మాట అన్నవారు లేరు.

మా పిల్లలు నిలబడలేరని ఎవరు నిర్ణయించారు? కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి కౌశిక కాలువ నీళ్లలోకి దిగి ప్రభలను భుజాల మీద దాటించే ఊళ్ల పిల్లలు వాళ్లు. జాతరలో పందిరి ముందు కటిక నేల మీద కూర్చుని తెల్లవార్లూ పద్యనాటకం చూసిన పెద్దల మనవలూ మనవరాళ్లూ. వాన సంగతి కోనసీమ వాళ్లకు ఒకరు చెప్పవలసినది కాదు. మమ్మల్ని అడిగి ఉంటే 24 మందిలో ఒక్కరు కూడా మైనపు బొమ్మలు కావాలని అనేవారు కాదు.

పైగా, అక్కడ నిలబడి చూడటమే ఆ నాటకశాలకు ప్రాణం. 1599లో షేక్‌స్పియర్ నాటక బృందం కట్టిన అసలు గ్లోబ్, 1613లో ప్రదర్శన జరుగుతుండగా పేల్చిన ఫిరంగి నిప్పు గడ్డి కప్పుకు అంటుకుని కాలిపోయింది. ఇప్పుడున్నది పాత స్థలానికి దగ్గరలోనే ఆ కాలపు పద్ధతిలో కట్టి 1997లో తెరిచినది. చుట్టూ గడ్డి కప్పు కింద అంతస్తుల్లో కూర్చునేవారు ఉంటారు, నడుమ ఆరుబయట సుమారు 700 మంది నిలబడతారు. పగటి ఆటలో ప్రేక్షకుల మీద చీకటి ఉండదు కాబట్టి నటుడికి ఎదుటివాళ్ల కళ్లు కనిపిస్తాయి. మన వీధి భాగోతంలో హాస్యగాడు జనంలో ఒకరిని చూసి మాట విసిరినట్టు, అక్కడి నటుడు కూడా తన మాటను నేరుగా ముందు నిలబడిన మనిషితోనే అనగలడు. ఎన్ని పుస్తకాలు చదివినా, తరగతి గదిలో నేను ఎంత గొంతు చించుకున్నా విద్యార్థికి అర్థమయ్యే విషయం కాదిది. మా నాటకంలో జూలియట్ దాది వేషం వేస్తున్న మూడో సంవత్సరం అమ్మాయి, రంగస్థలం అంచుకు ఆనుకుని నిలబడి, ఆ పాత్రధారి ప్రేక్షకుల్ని ఎప్పుడెప్పుడు చూస్తుందో రాసుకోవాలని నెల ముందే అనుకుంది. ఆమె నోటుపుస్తకంలో ఆ పేజీ పైన ‘గ్లోబ్, దాది’ అని శీర్షిక ఉంది. కింద ఏమీ లేదు. ఖాళీ రంగస్థలం ఫొటో ఒకటి మాత్రం తెచ్చుకుంది.

ఆ టికెట్లు ఖరీదైనవి కావు. ఏళ్ల తరబడి 5 పౌండ్లకే అమ్మినవి, ఇప్పటికీ లండన్‌లో అతి చవకైన నాటక టికెట్లలో చేరేవి. కాబట్టి డబ్బు మిగుల్చుకోవడానికి ఇలా చేశారని నేను ఆరోపించడం లేదు. వేళకు టికెట్లు కొనడం మరచిపోయి, ఆ మరుపును మా పిల్లల సౌకర్యం పేరు మీద నెట్టివేశారని అనుమానిస్తున్నాను. నా అనుమానం తప్పైతే, 24 టికెట్లు కొన్నట్టు, తరువాత వదులుకున్నట్టు చూపే రసీదు పంపండి; ఈ మాటను రాతపూర్వకంగా వెనక్కి తీసుకుంటాను.

నాలుగో రోజు జరిగినది మరుపు కాదు. ప్రణాళిక ప్రకారం ఆ రోజు స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లి, షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు, సమాధి ఉన్న చర్చి చూసి, సాయంత్రం అక్కడి రాయల్ షేక్‌స్పియర్ థియేటర్‌లో నాటకం చూసి, రాత్రి ఆ ఊళ్లోనే బస చేయాలి. లండన్‌లోని నేషనల్ థియేటర్ నాటకం ఐదో రోజు. కానీ నాలుగో రోజు ఉదయం బస్సులో కూర్చున్నాక, స్ట్రాట్‌ఫర్డ్‌లో బస లేదనీ, నాటకమూ లేదనీ, దారిలో ఆక్స్‌ఫర్డ్ నగరం అదనంగా చూపిస్తామనీ, అదే రాత్రి ఏడున్నరకు నేషనల్ థియేటర్‌లో ఉండాలనీ ప్రకటించారు. ఆక్స్‌ఫర్డ్‌లో రెండు గంటలు గడిచాయి. స్ట్రాట్‌ఫర్డ్ నుంచి బస్సు కదిలేసరికి సాయంత్రం నాలుగు ముప్పావు. అక్కడి నుంచి లండన్ సుమారు 160 కిలోమీటర్లు, చివరి భాగమంతా సాయంత్రపు రద్దీ. థియేటరు గుమ్మం దగ్గర దిగేసరికి ఎనిమిదీ పది అయింది. డ్రైవరు జాగ్రత్తగా నడిపాడు, అతని తప్పు ఏమీ లేదు. ఆట మధ్యలో మమ్మల్ని లోపలికి పంపని థియేటరు సిబ్బంది తప్పు కూడా లేదు. లోపల కూర్చున్నవారి పట్ల, వేదిక మీద ఉన్నవారి పట్ల చూపవలసిన మర్యాద అదే, మా కళాశాలలో నేనూ ఆ నియమమే పెట్టాను. విరామం దాకా మేము 24 మందిమి బయట హాలులో గోడకున్న చిన్న తెర మీద, సరిగా వినిపించని మాటలతో, మొదటి సగం చూశాం. లోపలికి వెళ్లాక పాత్రలు ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ నేషనల్ థియేటర్ టికెట్లను నేను దాచి ఉంచాను. వాటిపై ప్రదర్శన తేదీ నాలుగో రోజుదే, కొన్న తేదీ మే 9. అంటే స్ట్రాట్‌ఫర్డ్‌లో రాత్రి బస, అక్కడి నాటకం లేవని మేము చివరి వాయిదా కట్టడానికి ఆరు రోజుల ముందే మీకు తెలుసు. తెలిసి కూడా పాత ప్రణాళికనే మా చేతిలో ఉంచి డబ్బు తీసుకున్నారు. ఈ ఉత్తరంలో నేను అన్నిటికంటే గట్టిగా జవాబు అడుగుతున్నది దీనికే.

ఆరో రోజు లండన్‌లో నాటకశాలలకు పేరుపడిన వెస్ట్ ఎండ్‌లో చూసిన సంగీత నాటకం సంగతి క్లుప్తంగా చెబుతాను. కింది అంతస్తులో వేదికకు దగ్గరగా ముందు వరసల సీట్లని రాసి ఇచ్చి, పై బాల్కనీలో స్తంభాల వెనక కూర్చోబెట్టారు. చూపుకు అడ్డం ఉంటుందని టికెట్ మీద ముద్రించే ఉంది. అలాంటి సీట్లను అక్కడ తక్కువ ధరకు అమ్ముతారు. ధరలోని తేడా మాకు తిరిగి రావాలి.

తిరిగి వచ్చాక జులై 2న మీకు ఈమెయిల్ పంపాను. రెండు వారాల తరువాత మీ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. ప్రణాళికలోని ప్రదేశాలన్నీ చూపించామనీ, విద్యార్థుల బృందం కాబట్టి సద్భావంతో మరో యాత్రకు తలకు 5,000 రూపాయల కూపన్ ఇస్తామనీ చెప్పారు. ఆ కూపన్ మాకు వద్దు. గ్లోబ్ కట్టడాన్ని చూపించి గ్లోబ్‌లో నాటకం చూపించామని చెప్పడం, పెళ్లి పందిరి చూపించి పెళ్లి చూపించామని చెప్పడం లాంటిది. ధవళేశ్వరం బ్యారేజీని ఈ రోజు చూడలేకపోతే రేపు వెళ్లి చూడవచ్చు, అది అక్కడే ఉంటుంది. ఆ సాయంత్రం ఆ నటులు ఆడిన మొదటి సగాన్ని ఏ కూపన్‌తోనూ మళ్లీ చూడలేం.

మేము కోరుతున్నది ఇది. గ్లోబ్‌లోనూ స్ట్రాట్‌ఫర్డ్‌లోనూ చూపించని రెండు నాటకాల టికెట్ల ధర, సగమే చూసిన నేషనల్ థియేటర్ టికెట్ల పూర్తి ధర, స్ట్రాట్‌ఫర్డ్ రాత్రి బస ఖర్చు, వెస్ట్ ఎండ్ సీట్లలో తేడా, ఈ మొత్తాన్ని రసీదులతో లెక్క చూపి వాపసు చేయాలి. యాత్ర ఉద్దేశమే దెబ్బతిన్నందుకు పరిహారంగా 22 మంది విద్యార్థులకు తలకు 30,000 రూపాయల చొప్పున 6,60,000 రూపాయలు చెల్లించాలి. అధ్యాపకులమైన మా ఇద్దరికీ ఈ పరిహారంలో వాటా అక్కరలేదు. గ్లోబ్, నేషనల్ థియేటర్ రెండూ తమ నాటకాలను చిత్రీకరించి ఇంటర్నెట్‌లో అందిస్తున్నాయి గనక, ఏప్రిల్‌లోగా మా పిల్లలు వాటినైనా చూసేందుకు కళాశాల పేరిట ఏడాది చందా మీ ఖర్చుతో ఏర్పాటు చేయాలి. చిత్రం నాటకానికి సాటి రాదు, కాని దాది వేషం వేసే అమ్మాయి ఆ ఖాళీ పేజీలో కొంతైనా రాసుకోగలుగుతుంది. ఇవి కాక, ఏప్రిల్-జూన్ త్రైమాసికపు టీసీఎస్ ధ్రువపత్రాలు ఇంతవరకు మాకు అందలేదు; అవి లేక పిల్లల తల్లిదండ్రులు ఆ సొమ్మును ఆదాయపు పన్ను రిటర్నుల్లో కోరుకోవడానికి ఇబ్బంది పడతారు. వాటిని వెంటనే పంపండి.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో రాతపూర్వకమైన జవాబు రావాలి. రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, సేవాలోపం, అనుచిత వాణిజ్య పద్ధతి అనే రెండు కారణాలపై జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాం. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే వీలు ఆ చట్టంలో ఉంది కాబట్టి మేము మీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి రావలసిన అవసరం ఉండదు. అంతదాకా వెళ్లాలన్న కోరిక మాకు లేదు.

మీ జవాబును తెలుగులో రాయవలసిందిగా కోరుతున్నాను. సెప్టెంబరు చివరి ఆదివారం విద్యార్థుల తల్లిదండ్రులను కళాశాలకు పిలిచాను. దాన్ని అందరి ముందూ చదివి వినిపించాలి.

ఇట్లు,
భవదీయుడు,
నాటక బృందం బాధ్యుడు,
ఇంగ్లీషు విభాగం.

జతపరచినవి: సంతకం చేసిన యాత్రా ప్రణాళిక, చెల్లింపు రసీదులు, ఫిబ్రవరి ఉత్తరం నకలు, జులై 2 నాటి ఈమెయిల్ నకలు, నేషనల్ థియేటర్, వెస్ట్ ఎండ్ టికెట్ల నకళ్లు, 22 మంది విద్యార్థుల సంతకాలు.