గోల్ఫ్ పెడితే అమ్మాయిల టీము కూడా అదే రోజు పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీలో అయినా విజయనగరం జేఎన్‌టీయూలో అయినా గోల్ఫ్ మొదలెట్టండి, మొదలెడితే మాత్రం అబ్బాయిల టీము అమ్మాయిల టీము ఒకే రోజు మొదలెట్టండి అని అడగడానికే ఈ ఉత్తరం. నేను డిగ్రీ కాలేజీలో పీడీగా, అంటే ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఏ కొత్త ఆట వచ్చినా ముందు అబ్బాయిలకి, అమ్మాయిల సంగతి వచ్చే ఏడు చూద్దాం అనేవారు, ఆ వచ్చే ఏడు వచ్చేసరికి బడ్జెట్ ఉండేది కాదు, చివరికి అబ్బాయిలు వాడి పడేసిన కిట్లు వాళ్ల చేతిలో పెట్టేవారు. గోల్ఫ్‌లో అది అస్సలు కుదరదండి. అమ్మాయిల క్లబ్బులు, అంటే బంతిని కొట్టే కర్రలు, వేరే, వాటి షాఫ్ట్ (కాడ) కాస్త పొట్టిగా, తేలిగ్గా, ఎక్కువ వంగేలా ఉంటుంది, కొత్తగా నేర్చుకునే పిల్లకి మగవాళ్ల బరువైన క్లబ్ ఇస్తే మొదట్లోనే స్వింగ్, అంటే కర్ర తిప్పి కొట్టే తీరు, పాడైపోతుంది, తర్వాత సరిచేయడం చాలా కష్టం.

మన రెండు జిల్లాల నుంచి అమెరికా వెళ్లి చదువుతున్న పిల్లలు బోలెడుమంది ఉన్నారు కదా, వాళ్లని అడగండి, అక్కడ చాలా యూనివర్సిటీల్లో మెన్స్ గోల్ఫ్, విమెన్స్ గోల్ఫ్ అని రెండు టీములుంటాయి. అది ఊరికే రాలేదు. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థ ఆడా మగా తేడా చూపించకూడదని 1972లో టైటిల్ నైన్ చట్టం తెచ్చారు, తెచ్చాక కూడా అక్కడ కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ వాళ్లు అమ్మాయిలకి గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ పెట్టింది 1982లో, అబ్బాయిలకి అప్పటికే ఎన్నో ఏళ్లుగా ఉంది. మొన్నమొన్నటి దాకా ఎన్‌సీఏఏ పై అంచె డివిజన్ వన్‌లో ఒక యూనివర్సిటీ అబ్బాయిల గోల్ఫ్‌కి నాలుగున్నర స్కాలర్‌షిప్పులు, అమ్మాయిలకి ఆరు ఇవ్వొచ్చు అని రూలు ఉండేది, ఎందుకంటే అబ్బాయిల స్కాలర్‌షిప్పుల వాటా చాలావరకు వాళ్ల ఫుట్‌బాల్ టీమే తినేసేది. ఇప్పుడా లెక్కలు మార్చారు. మన తెలుగు కుర్రాడు సాహిత్ తీగల, వాళ్ల అమ్మానాన్నలది హైదరాబాద్, పెప్పర్‌డైన్ యూనివర్సిటీ టీములో ఆడే పైకొచ్చాడు, 2023లో అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫర్లు ఆడే పీజీఏ టూర్‌లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. మన యూనివర్సిటీ గ్రౌండ్ నుంచి అలాంటి దారి ఎందుకు ఉండకూడదు?

గోల్ఫ్ డబ్బున్నోళ్ల ఆట అంటారు. మరి 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయుడు అలీ షేర్ ఒకప్పుడు క్యాడీ, అంటే ఇంకొకళ్ల గోల్ఫ్ బ్యాగు మోసినవాడు. 2016, 2017 రెండేళ్లూ అదే టోర్నీ గెలిచిన చౌరాసియా వాళ్ల నాన్న కోల్‌కతాలో గ్రీన్‌కీపర్, గోల్ఫ్ మైదానంలో గడ్డి చూసుకునేవాడు.

నీళ్లు, భూమి సంగతి మాత్రం నేనూ ఒప్పుకుంటాను. పద్దెనిమిది హోల్స్ (బంతి పడాల్సిన గుంతలు) ఉండే కోర్సుకి, అంటే గోల్ఫ్ మైదానానికి, వంద ఎకరాలు పైనే కావాలి, గడ్డి పచ్చగా ఉండాలంటే నీళ్లు పొయ్యాలి, ఉద్దానంలో కిడ్నీ జబ్బులతో జనం మంచి తాగునీళ్ల కోసం అన్నేళ్లు అల్లాడిన జిల్లాలో ఆ కోర్సు కట్టమని నేనైతే అడగను, ఎవరైనా కడతామన్నా అడ్డుపడతాను. కానీ నేర్చుకోడానికి కోర్సు అక్కర్లేదు. ఉన్న గ్రౌండులో ఓ పక్క నెట్లు, మ్యాట్లు, బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించడం నేర్చుకోడానికి ప్లాస్టిక్ గడ్డి పరిచిన చిన్న పటింగ్ గ్రీన్, ఇంత చాలు. రూల్ ప్రకారం బ్యాగులో పద్నాలుగు క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు గానీ కొత్తవాళ్లకి ఓ అరడజను సరిపోతాయి, వంతులేసుకుని వాడుకోవచ్చు. నెలకి ఓసారి బస్సులో విశాఖ తీసుకెళ్తే అక్కడ కోర్సు ఉంది. ఇక్కడే అసలు తిరకాసు, బస్సు తెల్లారకుండా బయల్దేరాలి, అమ్మాయిల హాస్టల్లో అవుట్‌పాస్ ఇవ్వరు, కూడా వెళ్లడానికి లేడీ స్టాఫ్ లేరంటారు, అబ్బాయిలు వెళ్లిపోతారు, అమ్మాయిలు నెట్ దగ్గరే ఉండిపోతారు. అందుకే లేడీ కోచ్ పోస్టు మొదటి రోజే రాసుకోమంటున్నాను.

టీముకి ఎంతమంది కావాలి? అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో ఐదుగురు దిగుతారు, ప్రతి రౌండులో మంచి నాలుగు స్కోర్లే లెక్క. ఐదుగురు అమ్మాయిలు దొరకరా మనకి? ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు లిఫ్టులూ కలిపి 240 కిలోలు ఎత్తి మెడల్ తెచ్చింది, ఒలింపిక్స్ మెడల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. కొండవెలగాడ మత్స సంతోషి 2014 కామన్వెల్త్ గేమ్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మెడల్ తెచ్చింది. గోల్ఫ్‌లో అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో ప్లేసు, తక్కువ దెబ్బలు కొట్టినవాళ్లే గెలిచే ఆట కదా, ఒక్క స్ట్రోక్ (దెబ్బ) తక్కువ కొట్టుంటే మెడల్ తేల్చే ప్లేఆఫ్‌లో ఉండేది.

కొత్త అకడమిక్ ఇయర్ స్పోర్ట్స్ బడ్జెట్ రాసేముందే రెండు యూనివర్సిటీల వీసీ గార్లనీ మీ పేపర్ తరఫున ఒక మాట అడగండి, అమ్మాయిల క్లబ్బులకి, లేడీ కోచ్‌కి, ఆ బస్సుకి విడిగా ఎంత రాస్తున్నారో చెప్పమనండి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు అచ్చెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా