జంట సైకిల్‌కు మోటారు పెడితే తనిఖీ చేసేదెవరు?

సంపాదకులకు,

అయ్యా,

పాత సైకిల్‌కు మోటారు, బ్యాటరీ బిగించుకుని తిరిగేవాళ్లు విశాఖలో ఈమధ్య తరచుగా కనిపిస్తున్నారు. చట్టం వాళ్లకు అడ్డం కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే అది మోటారు వాహనం కిందికి రాదు. కానీ అదే నిబంధనలో ఇంకో షరతు ఉంది. ఈ లెక్కలు సరిగ్గా ఉన్నాయని గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ నిర్ధారించాలి. అలాంటి సంస్థలంటే పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ వంటివి. కంపెనీలు తమ మోడల్ పంపి కాగితం తెచ్చుకుంటాయి. ఇంట్లో ఉన్న ఒక్క సైకిల్‌ను మార్చుకున్నవాడు దాన్ని పుణె తీసుకెళ్లాలా?

మాది ఇద్దరు తొక్కే టాండెమ్ సైకిల్. నేను షిప్‌యార్డులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. మా ఆవిడకు రెటీనా జబ్బు వల్ల చూపు దాదాపు పోయింది. ముందు నేను, వెనక ఆమె. పారాలింపిక్స్‌లో చూపు లేని క్రీడాకారులు ఇలాగే వెనక సీట్లో కూర్చుని టాండెమ్ పోటీల్లో పాల్గొంటారు. ఇక్కడ మాత్రం మమ్మల్ని చూసి ఫొటోలు తీస్తారు, అదొక్కటే చిరాకు.

బీచ్ రోడ్డంతా చదునుగా ఉంటుందనేవాళ్లు కార్లలో వెళ్లినవాళ్లే. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు బయల్దేరితే కైలాసగిరి కొండవారన ఎక్కుడు మొదలవుతుంది. ఇద్దరం, సైకిల్, బ్యాటరీ కలిపి 160 కిలోలు. వంద మీటర్లకు ఐదు మీటర్లు లేచే చోట, గంటకు పది కిలోమీటర్ల వేగం నిలవాలంటే దాదాపు 250 వాట్ల శక్తి కావాలి. అందులో సుమారు సగం మా కాళ్లే ఇస్తాయి. అంటే చట్టం అనుమతించిన మోటారు ఇద్దరికీ సరిపోతుంది. దుకాణంలో మాత్రం "ఇద్దరు కదా సార్, వెయ్యి వాట్లది వేసుకోండి" అన్నారు. అసలు కావలసింది పెద్ద మోటారు కాదు, తక్కువ వేగంతో తిరిగేలా తీగ చుట్టిన (తక్కువ ఆర్పీఎం వైండింగ్), చక్రం మధ్యలో ఇమిడే గేర్ల హబ్ మోటారు. ఎక్కుడులో నెమ్మదిగా తిరిగినా వేడెక్కి చతికిలబడదు.

మోటారును పెడల్స్ దగ్గర పెట్టే కిట్లు కూడా ఉన్నాయి. టాండెమ్‌కు వాటితో తిప్పలు. ముందు పెడల్స్‌నూ వెనక పెడల్స్‌నూ కలిపే చైను సాధారణంగా ఎడమవైపు ఉంటుంది, ఆ కిట్లకు ఎడమవైపు పళ్లచక్రం పెట్టే చోటుండదు. అందుకే వెనక చక్రంలోనే పెట్టాను. ఇరుసు తిరిగిపోయి ఫ్రేమును చీల్చకుండా పట్టి ఉంచే టార్క్ ఆర్మ్‌ను గాజువాక ఆటోనగర్‌లో ఉక్కు పట్టీతో కోయించాను. 36 వోల్టులు, 14 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. నింపడానికి అర యూనిట్ పైచిలుకు కరెంటు పడుతుంది. ఇక మన ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుము పట్టిపోతాయి, వాటికి వ్యాజ్‌లీన్ రాయాల్సిందే.

థ్రాటిల్, అంటే స్కూటర్‌కున్నట్టు చేత్తో తిప్పే యాక్సిలరేటర్, వద్దన్నది మా ఆవిడ. "చెప్పకుండా బండి ముందుకు ఎగిరితే నేను దిగిపోతానండీ" అంది. ఆమె చెప్పింది న్యాయమే. వెనక కూర్చున్నవాళ్లకు రోడ్డు కనబడదు, పెడల్ ద్వారానే తెలుస్తుంది. పెడల్ తిరిగితేనే మోటారు తిరగాలి, ఆపితే ఆగాలి. పెడల్ సాయంతో నడిచే సైకిళ్లకు నిబంధన చెప్పేదీ అదే.

అన్నిటికంటే ముఖ్యమైనవి బ్రేకులు. వాటి గురించి కిట్లు అమ్మేవాళ్లెవరూ మాట్లాడరు. వేగం 25 నుంచి 35కి పెరిగితే బ్రేకు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది. పైగా బరువు ఇద్దరిది. సిరిపురం నుంచి బీచ్‌కు దిగే వాలులో రిమ్ము బ్రేకులు మాత్రమే ఉన్న టాండెమ్‌ను తలుచుకుంటేనే నాకు టెన్షన్. మోటారు కొనకముందే ముందూ వెనకా పెద్ద డిస్కులు వేయించాను. లివర్ నొక్కగానే మోటారుకు కరెంటు ఆగిపోయే స్విచ్చులు పెట్టాను. పాత రిమ్ము బ్రేకు తీసేయకుండా దాని లివర్‌ను వెనక హ్యాండిల్‌కు మార్చాను. దిగుడులో నేను చెబితే మా ఆవిడ నొక్కుతుంది. చెప్పకపోయినా నొక్కుతుందనుకోండి, అది వేరే సంగతి.

ఇంత చేసినా ఒక కూడలిలో కానిస్టేబుల్ ఆపి "కాగితాలేవి?" అంటే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయన తప్పు లేదు. మోటారు మీద 250 అని రాసి ఉన్నా, బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటు వదిలే కంట్రోలర్ 36 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు వదిలితే అది లాగేది 540 వాట్లు. చట్టం లెక్కలోకి తీసుకునేది అరగంట పాటు మోటారు నిలకడగా ఇచ్చే శక్తిని. దాన్ని రోడ్డు మీద నిలబడి ఎవరు కొలుస్తారు? నాలాంటివాడినీ, వెయ్యి వాట్ల మోటారుకు 250 స్టిక్కర్ అంటించినవాడినీ ఆయన ఒకే కళ్లతో చూడక తప్పదు.

కాబట్టి రవాణా శాఖవారికి నా విన్నపం. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలోనో, కంచరపాలెం పాలిటెక్నిక్‌లోనో ఇలాంటి సైకిళ్లను పరీక్షించే ఏర్పాటు చేయించండి. దానికి కేంద్రం అనుమతి అవసరమైతే ప్రతిపాదన పంపండి. అరగంట శక్తి, గరిష్ఠ వేగం, బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉన్నాయా అన్నవి చూసి ఒక కాగితమూ, ఫ్రేము మీద ఒక సీలూ ఇస్తే చాలు. టాండెమ్‌లకు బ్రేకు పరీక్ష ఇద్దరినీ కూర్చోబెట్టే చేయాలి. ఫీజు పెట్టినా మాకు అభ్యంతరం లేదు. ఫెయిలైతే మోటారు విప్పేసి తొక్కుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎలక్ట్రీషియన్,
పెదవాల్తేరు, విశాఖపట్నం