పానగల్‌కు పెద్ద బస్సు వద్దు

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ చుట్టుపక్కల గుళ్లకు పర్యాటకులు ఇంకా రావాలని, పానగల్ లాంటి ఊళ్లకు ప్యాకేజీ టూర్లు వేయాలని మీ జిల్లా పేజీలో వచ్చిన రాత చదివాను. రావాలి, నేను కాదనను. కానీ ఎంతమంది రావాలి, ఏ నెలలో రావాలి, వచ్చినవాళ్లు ఎవరింట్లో అన్నం తినాలి అన్నది అందులో ఒక్క ముక్క లేదు. నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనదాన్ని. జనాన్ని ఎక్కించుకోవడం, దించడం, ఎస్సార్‌లో, అంటే కండక్టర్ రాసే టికెట్ల కాగితంలో, లెక్క రాయడం, ఈ మూడే నాకు వచ్చిన విద్య. ఆ విద్యతోనే ఈ ఉత్తరం రాస్తున్నా.

మా ఇంటి నుంచి ఛాయా సోమేశ్వరాలయానికి నడిచి పోవచ్చు. ఆదివారం వస్తే దారి పొడుగునా కార్లే. మూడు గర్భగుళ్లున్న ఆ గుడిలో ఒకదాంట్లో, లింగం వెనక గోడ మీద, పొద్దంతా కదలకుండా నిలబడే స్తంభం నీడ కోసం వస్తారు. అది ఏ స్తంభం నీడ అని వాదించుకుంటారు. ఒకరు పోయి స్తంభం పక్కన నిలబడతారు, ఇంకొకరు లోపల గోడ వైపు చూస్తారు. ఫొటో తీసుకుంటారు, పోతారు. గడియారం చూసుకోవడం నాకు ఇంకా అలవాటు పోలేదు కాబట్టి చెబుతున్నా, మొత్తం ఇరవై నిమిషాలు. ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నుంచి నిలబడ్డ గుడికి ఇరవై నిమిషాలు! పచ్చల సోమేశ్వరాలయం దగ్గర మ్యూజియం ఉంది, దాని లోపలికి పోయేవాళ్లే తక్కువ. అటునుంచి అటే హైవే మీద బిర్యానీ. ఊరికి మిగిలేవి ఖాళీ నీళ్ల సీసాలు.

ఆ నీళ్ల సీసాల సంగతి కూడా చెప్పాలి. నల్లగొండ అనగానే బయటివాళ్లకు ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. తప్పు లేదు, మా జిల్లా పడ్డ గోస అంత. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా ఊరి పేరే పెట్టి ‘నల్లగొండ పద్ధతి’ అంటారు, దేశదేశాల్లో తెలుసట. కానీ ఇప్పుడు మేం తాగేది కృష్ణ నీళ్లు. మా ఇంటికొచ్చిన ఒకావిడ గ్లాసు చేతిలో పట్టుకొని అటూ ఇటూ తిప్పి, తాగకుండా కింద పెట్టింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం.

సరే, అసలు విషయానికి వస్తా. మా కాలనీలో పార్కు కోసమని లేఅవుట్‌లో వదిలిన జాగా ఒకటుంది. కాగితం మీద పార్కు, చూస్తే సర్కారు తుమ్మ, ఇళ్లు కట్టినవాళ్లు పారబోసిన ఇటుక ముక్కలు. నేను రిటైరైన ఏడాది తొమ్మిదిమంది ఆడవాళ్లం కలిసి దాన్ని బాగుచేసుకున్నాం. మనిషికి రెండు మడులు. పుంటికూర, చుక్కకూర, బచ్చలి, గోకరకాయ, బీర, పందిరి మీద సోర, చలికాలంలో అనపకాయ, చిక్కుడు. ఎవరి మడిలో కాసింది వాళ్లది. మిగిలితే ఇరుగుపొరుగుకు. నీళ్లు పక్కింటి బోరు నుంచి, కరెంటు బిల్లు అందరం పంచుకుంటాం. గట్టు వెంబడి ఆముదం చెట్లు. ఒక మూలకు బంతి, సీతజడ పూలు. ఇంకో మూలకు మాత్రం మీరు నవ్వినా సరే, గునుగు పెంచుతున్నాం.

గునుగును పెంచేదేంది, అదే మొలుస్తది కదా అని మీ పాఠకుల్లో పెద్దవాళ్లు అనుకుంటారు. నిజమే, మా చిన్నప్పుడు జొన్న చేన్లో, కంది చేన్లో కలుపై మొలిచేది. పొద్దున పోతే గంపెడు కోసుకొచ్చేవాళ్లం. ఇప్పుడు జొన్న చేన్లు తగ్గాయి. పత్తికి, వరికి గడ్డిమందు కొడుతున్నారు. మిగిలిన చెలకలు వెంచర్లయ్యాయి. బతుకమ్మ పండుగ వచ్చిందంటే గడియారం సెంటర్‌కు పోయి గునుగును కట్టల్లెక్కన కొనుక్కోవాల్సి వస్తోంది. అందుకే ఒకామె పుట్టింటి నుంచి విత్తనం తెచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, ఆవాల కంటే చిన్నది. ఇసుకలో కలిపి తొలకరికి చల్లాం. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన చూసి, “అమ్మా, ఇక్కడ గడ్డి వదిలేశారేం?” అన్నాడు. మాలో అందరికన్నా పెద్దామె తల కూడా ఎత్తకుండా, “గడ్డే బిడ్డా. పోయినేడు ఈ గడ్డి కట్టకు యాభై రూపాలిచ్చి కొన్న” అంది.

రెండేళ్ల కింద ఒక తెలిసినామె ద్వారా ఎల్బీనగర్ నుంచి ఏడుగురు ఆడవాళ్లు వచ్చారు. పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మకు ముందురోజు. ఏడుగురూ ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ మీద వచ్చి, బస్టాండ్ నుంచి షేర్ ఆటోలో దిగారు. అందులో కంప్యూటర్ ఉద్యోగం చేసే పిల్ల ఒకతె ఉంది. పుట్టింది తెలంగాణలోనే కానీ, బతుకమ్మను ఎప్పుడూ పేర్చినవి కొనుక్కోవడమేనట. పెద్దామె ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. గునుగు ఆకు దూసి, పూలకొసలన్నీ ఒక ఎత్తుకు తెచ్చి గుప్పిట్లో పట్టి దారం చుట్టాలి. కొస వరకే రంగునీళ్లలో ముంచి గట్టిగా దులపాలి, దులపకపోతే కింద వరసలో తంగేడు మీదికి రంగు కారుతుంది. తాంబాలంలో గుమ్మడాకు పరిచి, తంగేడుతో మొదలుపెట్టి, కాడలు లోపలికి, పూలు బయటికి. ఆ పిల్ల తిరగేసి పెడుతుంటే “కాడలు లోపటికి బిడ్డా, లోపటికి” అని మూడుసార్లు చెప్పింది. మధ్యలో గుంత పడితే చెత్తాకులు కూరుతాం కదా, అది చూసి ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. లోపల కూడా పూలే ఉంటాయనుకుందట. చివరకు గుమ్మడిపూవు రెక్కలు తీసి, మధ్యలో ఉండే గౌరమ్మను పైన పెట్టేసరికి రెండు గంటలు పట్టింది. ఒకవైపు ఒరిగింది. అయినా పోయేటప్పుడు ఒళ్లో పెట్టుకొని తీసుకుపోయింది, బస్సులో సీటు దొరికిందో లేదో పాపం.

ఆ ఏడుగురి ఫొటోలు ఎవరు చూశారో ఏమో, ఆ సంవత్సరమే పండుగ ఆఖరి రోజైన సద్దులకు రెండు రోజుల ముందు ఒక టూర్ల కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. ఇరవైమందిని తెస్తాం, మనిషికి రెండు వందలు, తోట చూపించి భోజనం పెట్టండి అన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాం. వచ్చింది పెద్ద బస్సు. నాకున్న రోగం కొద్దీ డోర్ దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టా, నలభై మూడు. రొట్టెలు సరిపోక ఇంకో ఇంట్లో పొయ్యి వెలిగించాం. పిల్లలు మడుల్లో పరిగెత్తారు. పండుగకని దాచుకున్న బంతిపూలు కొప్పుల్లోకి ఎక్కాయి. అన్నిటికన్నా టెన్షన్ బాత్రూంల దగ్గర. మూడిళ్ల బాత్రూంలు, నలభై మూడు మంది, పదకొండు గంటల ఎండ. ఇంతలో వాళ్ల గైడ్ వచ్చి, వీడియో కోసం ఒక్క రౌండ్ బతుకమ్మ ఆడండి అన్నాడు. గౌరమ్మను పెట్టకుండా, పొద్దుగూకకుండా ఆట ఏందని పెద్దామె లోపలికి పోయి తలుపేసుకుంది. పోయేటప్పుడు చేతిలో పెట్టింది ఇరవైమంది డబ్బు. ముందు మాట్లాడుకున్నది అంతే కదా అన్నారు. నా సర్వీసులో నా బస్సులో ఇరవై మూడు మంది టికెట్ లేకుండా దొరికితే నా ఉద్యోగం పోయేది.

ఆ తర్వాత మేం ఒక చార్టు వేసుకున్నాం. టూర్లు ప్లాన్ చేసేవాళ్లకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా. ఒక్కసారికి పన్నెండుమంది, ఎక్కువలో ఎక్కువ పదిహేను. పెద్దామె అంతమందికే చెప్పగలదు, మా పొయ్యి మీద అంతమందికే రొట్టెలవుతాయి. ఏడాదికి మూడు కాలాలే. మొదటిది తొలకరి పడ్డాక విత్తనం చల్లే రోజులు, అప్పుడు వచ్చినవాళ్లు చేతులు మట్టిలో పెట్టాల్సిందే, ఊరికే చూస్తామంటే కుదరదు. రెండోది ఎంగిలిపూలకు ముందు రెండు మూడు రోజులు. పండుగ రోజుల్లో మాత్రం మా పండుగ మాది, రావద్దు. మూడోది పుష్యమాసం, అనపకాయలు కాసి, ఇంటింటా సకినాలు చుట్టే కాలం. సకినం చుట్టడం చూసి ఫొటో తీసుకోవడం తేలికే, చుట్టమంటే తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎవరూ రావద్దు. అప్పుడు మా తోటను మేమే చూడలేం.

రోజు ఎట్లా గడపాలో కూడా చెబుతా. హైదరాబాద్ నుంచి పొద్దున ఏడుకు బయలుదేరితే పదింటికల్లా పానగల్‌లో ఉంటారు. ముందు పచ్చల సోమేశ్వరాలయం, గోడల మీద రామాయణ భారత కథలు తీరిగ్గా చూడాలి, పక్కనే మ్యూజియం. తర్వాత మా తోట. మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. తిన్నాక కాసేపు నడుం వాల్చుకోవచ్చు, చాపలున్నాయి. ఛాయా సోమేశ్వరాలయం నాలుగింటికి. టూర్లవాళ్లు అక్కడికే ముందు పరుగెత్తిస్తారు ఎందుకో. పొద్దంతా ఉండే నీడకు తొందరేముంది? పొద్దుగూకే వేళకు ఉదయసముద్రం కట్ట మీద గాలికి కూర్చొని బస్సెక్కొచ్చు.

రెండోరోజు ఉండేవాళ్లుంటే నేతగాళ్ల ఊరు పుట్టపాక పోవచ్చు. మా గట్టు మీద ఆముదం చెట్లు ఉత్తగా పెట్టలేదు. పుట్టపాకలో తేలియా రుమాలు అనే బట్ట నేసేవాళ్లు నూలును నూనెలో, ఆముదం కాయల తొక్కు కాల్చిన బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. అప్పుడే ఎరుపు, నలుపు రంగులు గట్టిగా పడతాయి. బట్ట నేశాక కూడా ఆ నూనె వాసన పోదు, తేల్ అంటే నూనె, పేరే దాన్నిబట్టి వచ్చింది. 2020లో దానికి, ఆ ఊరి సరుకేనని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది. మా చెట్ల కాయలు చూసినవాళ్లు మర్నాడు ఆ నూలు వాసన చూస్తే ఈ రెండు ఊళ్లకు సంబంధమేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. చీరకు ఆసు పోయడం, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడం కూడా అక్కడే చూడాలి. చేయి అటూ ఇటూ వేలసార్లు ఆడించే ఆ పని తల్లి పడుతుంటే చూడలేక యంత్రం తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారిది మన పాత నల్లగొండ జిల్లానే.

డబ్బు సంగతి దాచుకోవాల్సిన పని లేదు. మనిషికి మూడు వందలు, భోజనంతో కలిపి. తోటలోకి రాకముందే చిల్లరతో సహా ఇవ్వాలి. రెండు వందలు వండిన ఇంటికి, డెబ్భై తోట లెక్కలోకి, ముప్పై రూపాయలేమో పూలు పేర్చడం నేర్పినామెకు. ఎస్సార్ లాగే నోట్‌బుక్‌లో రాసి, పెద్దామెతో వేలిముద్ర వేయిస్తా. ఏజెంట్లు, కమీషన్లు లేవు.

ఇక అధికారులను అడిగేవి రెండే. ఆడవాళ్లు పోగలిగిన ఒక బాత్రూం, నీళ్లతో, తాళంచెవి మా దగ్గర ఉండేటట్టు. రెండోది ఒక కాగితం. పోయిన చలికాలం ఒక ఆఫీసు నుంచి మనిషొచ్చి, పార్కు జాగాలో కూరగాయలు పెట్టొద్దు, కంచె తీసేయండి అని నోటిమాటగా చెప్పిపోయాడు. మళ్లీ రాలేదు, కానీ వస్తాడేమోనని పందిరి కొత్తగా వేయడానికి ఎవరికీ చేతులు ఆడటం లేదు. 1951లో వినోబా భావే గారు పోచంపల్లికి వస్తే వెదిరె రామచంద్రారెడ్డి గారు భూమి లేని పేదలకు వంద ఎకరాలు ఇస్తానన్న జిల్లా ఇది. ఆ పోచంపల్లికే 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామమని పేరిచ్చింది. మేం వంద ఎకరాలు అడగడం లేదు. మా పేరు మీద జాగా కూడా అడగడం లేదు. పార్కు పార్కుగానే ఉంటుంది, అందులో సాగు చేసుకోండి అని సంతకం పెట్టిన కాగితం చాలు.

ఇది చదివి రావాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఎంతమంది వస్తారో కనీసం రెండు రోజుల ముందు చెప్పండి. జొన్నలు గిర్నీకి పోవాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
పానగల్, నల్లగొండ