గది కొలతలు పంపండి, ఆ తర్వాతే స్పీకర్ల సంగతి

కోఠిలో మా కొట్టుకి వచ్చే మిక్సింగ్ ఇంజినీర్లకు, ఇంట్లోనే స్టూడియో పెట్టుకుంటున్న సంగీత దర్శకులకు, జానపదాల ఛానెళ్లు నడిపేవాళ్లకు ఒక విషయం చెప్పాలి. ఈ నెల నుంచి మీ గది కొలతలు తెలియకుండా స్టూడియో మానిటర్లు, అంటే మిక్సింగ్‌కి వాడే స్పీకర్లు అమ్మం. ముఖ్యంగా ఎనిమిదంగుళాల వూఫర్ (బేస్ పలికించే పెద్ద కోన్) ఉన్న జతలు. దీంతో మా అమ్మకాలు తగ్గుతాయని తెలుసు. పెద్ద జత మీద మాకు మిగిలేది ఎక్కువ, చిన్న జత మీద తక్కువ, గదిలో శబ్దాన్ని పీల్చుకునే రాక్‌వూల్ (రాతి నార) ప్యానెళ్ల మీద ఇంకా తక్కువ. లెక్కలన్నీ చూసుకునే ఈ నిర్ణయానికి వచ్చాం.

ఈమధ్య యూసుఫ్‌గూడలో ఒక తమ్ముడి గదికి వెళ్లాను. అద్దింట్లో వెనక బెడ్‌రూమ్. పొడవు పదడుగులు, వెడల్పు పదడుగులు, స్లాబు ఎత్తు కూడా ఇంచుమించు అంతే. ఉన్న ఐదంగుళాల మానిటర్లు తీసేసి ఎనిమిదంగుళాలవి వేసుకుంటానని పిలిచాడు. "ఈడ మంచిగనే ఇనవడ్తదన్నా, కార్ల పెడితే బేస్ తప్ప ఏం ఇనవడ్తలేదు" అన్నాడు. కుర్చీ సరిగ్గా గది నడిమధ్యలో ఉంది. ల్యాప్‌టాప్‌లోంచి 56 హెర్ట్జ్ స్వరం ఒక్కటే వదిలాను. కుర్చీలో కూర్చుంటే దాదాపు ఏమీ లేదు. లేచి వెనక గోడకి ఆనుకుని నిలబడమన్నాను. అక్కడ అదే స్వరం గుండె మీద మోగుతోంది, పక్కన కిటికీ అద్దం గరగరమంటోంది. వాల్యూమ్ నేను ముట్టుకోలేదు.

ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 56 హెర్ట్జ్ దగ్గర ఒక అల పొడవు ఇరవై అడుగులు. పదడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య అందులో సగం అచ్చంగా పడుతుంది. అప్పుడు గోడల దగ్గర ఒత్తిడి పోగుపడి, మధ్యలో సున్నా దాకా పడిపోతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే అయిన గదిలో మూడు జతల గోడలకూ ఇదే స్వరం దగ్గర తంటా. బేస్ గిటార్‌లో ఎ తీగ 55 హెర్ట్జ్. చాలా కిక్ డ్రమ్ముల బలం కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. తనకి వినబడని బేస్‌ని ఆ తమ్ముడు పెంచుకుంటూ పోయాడు. కార్లో అదంతా బయటపడింది. ఎనిమిదంగుళాల వూఫర్ తెచ్చిపెడితే ఆ గోడల మధ్యకి మరింత బేస్ వెళ్తుందే గానీ కుర్చీ దగ్గర బేస్ మాయమయ్యే గుంత పూడదు. ఈక్యూతో (ఏ స్వరాన్నైనా విడిగా పెంచే, తగ్గించే సాధనం) పెంచినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే, ఎంత పంపితే గోడ నుంచి వచ్చి రద్దు చేసే అల కూడా అంత బలంగా వస్తుంది.

ఆ రోజు టేబుల్‌ని ముందుకు జరిపాం. చెవులు ముందు గోడ నుంచి నాలుగడుగుల లోపు ఉండేలా, అంటే గది పొడవులో 38 శాతం దగ్గర. స్పీకర్లు రెండూ, తలా కలిపి సమబాహు త్రిభుజం, ట్వీటర్లు (పై స్వరాలు పలికే చిన్న భాగాలు) చెవి ఎత్తులో. ఇవి కొలత మొదలుపెట్టడానికి గుర్తులు మాత్రమే, చివరి మాట కొలిచే మైకుదే. మైకు పెట్టి మళ్లీ కొలిస్తే గుంత పూర్తిగా పోలేదు కానీ బాగా తగ్గింది. అతనికి పాత ఐదంగుళాలవే చాలు.

ప్యానెళ్ల గురించి కూడా దాచకుండా చెప్తాను. గోడలకి అంటించే అంగుళం మందం ఫోమ్ షీట్లు మేం ఇక తెప్పించం. అవి స,శ శబ్దాల్నీ తాళాల మోతనీ మింగేస్తాయి, బేస్ జోలికి అస్సలు పోవు. గది చప్పబడుతుంది, గుబగుబ మాత్రం అలాగే ఉంటుంది. మా మేస్త్రి చేసేవి నాలుగంగుళాల రాక్‌వూల్ ప్యానెళ్లు, చెక్క ఫ్రేము, మీద గాలి ఆడే గుడ్డ. గోడకి నాలుగంగుళాల ఎడం వదిలితే ఇంకా కింది స్వరాల దాకా పనిచేస్తాయి. అయినా 56 దగ్గర వాటి ప్రభావం తక్కువే. అంత కిందికి దిగాలంటే మూలల్లో అడుగు, అంతకన్నా ఎక్కువ మందం కావాలి, చోటు పోతుంది. ఇది ముందే తెలుసుకుని కొనండి. ఓనరు మేకు కొట్టనివ్వడని చాలామంది అంటున్నారు, అందుకే నిలబెట్టే స్టాండు ఫ్రేములు కూడా చేయిస్తున్నాం. ఇల్లు మారితే వెంట తీసుకెళ్లొచ్చు. ఇంకొకటి, ఈ ప్యానెళ్లు పెడితే పక్కింటికి చప్పుడు వినబడదనుకోవద్దు. బయటికి పోయే శబ్దాన్ని ఆపడం వేరే పని, దానికి బరువైన గోడలు, సందుల్లేని తలుపులు కావాలి. అది మేం చేయం.

చిన్న స్పీకర్లతో పెద్ద పని కాదనే భయం చాలామందిలో ఉంది. యమహా ఎన్ఎస్-10 సంగతే చూడండి. 1978లో ఇళ్లలో పాటలు వినడానికని తెచ్చిన స్పీకరు అది. అడుగు బేస్ అందులో బాగా తక్కువ. అయినా ప్రపంచంలోని పెద్ద పెద్ద స్టూడియోల్లో కన్సోల్ (మిక్సింగ్ బల్ల) మీద ఆ తెల్ల కోన్ల జతే కూర్చుంది, ఎందుకంటే గొంతు, గిటార్ ఉండే మధ్య స్వరాల్లో తప్పు ఉంటే దాచకుండా చూపిస్తుంది. 2001లో తయారీ ఆపేశారు. పాత జత తెప్పించమని ఇప్పటికీ అడుగుతుంటారు. దానికి ఆంప్లిఫయర్ విడిగా కావాలి, అసలు వూఫర్లు ఇప్పుడు కొత్తగా రావు. మా సలహా అయితే వద్దు.

డెమో పద్ధతి కూడా మారుతోంది. రెండు జతల్లో కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపించడం చెవి గుణం. వాల్యూమ్ పెరిగితే అడుగు స్వరాలూ పై స్వరాలూ ఎక్కువగా ఉన్నట్టు అనిపిస్తాయి, దీన్ని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. కాబట్టి ఇకమీదట మీటర్ పెట్టి రెండు జతల్నీ ఒకే మట్టానికి తెచ్చాకే వినిపిస్తాం. మీరు మిక్స్ చేసిన పాట, మీకు కంఠస్థమైన పాట, రెండూ వేవ్ (కుదించని ఆడియో) ఫైళ్లుగా తెచ్చుకోండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీ పనికిరాదు. తొందరేం లేదు, కావాలంటే పూటంతా కూర్చోండి.

అమెరికా నుంచి బావగారో అక్కో తెస్తున్నారని చెప్పేవాళ్లకి ఒక హెచ్చరిక. వెనక వోల్టేజీ చూడకుండా ప్లగ్ పెట్టొద్దు. అక్కడ 120 వోల్టులు, మనకి 230. కొన్ని మోడళ్లు రెండింటికీ సర్దుకుంటాయి, కొన్నిటికి వెనక స్విచ్ మార్చాలి, కొన్ని అక్కడి కరెంటుకే పనికొస్తాయి. అదృష్టం బాగుంటే ఫ్యూజు ఒక్కటే పోతుంది. లేదంటే లోపలి బోర్డు మార్చాలి, ఆ బోర్డులు ఇక్కడ దొరకడం కష్టం. డబ్బా విప్పకముందు వెనక పలక ఫోటో పంపినా చెప్తాం, మా దగ్గర కొనకపోయినా సరే.

ఇక మీరు చేయాల్సింది. టేపు పెట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. నాలుగు మూలల నుంచి నాలుగు ఫోటోలు, తలుపు, కిటికీ, ఏసీ ఎక్కడున్నాయో కనిపించేలా తీసి వాట్సాప్ చేయండి. అది చూసి ఏ సైజు సరిపోతుందో చెప్పడానికి డబ్బులేం తీసుకోం. మైకుతో వచ్చి కొలవాలంటే ఔటర్ రింగ్ రోడ్డు లోపల 1,500 రూపాయలు, స్పీకర్లో ప్యానెళ్లో మా దగ్గర తీసుకుంటే బిల్లులో తగ్గిస్తాం. కొలిచిన గ్రాఫు మీకే ఇచ్చేస్తాం, దాన్ని పట్టుకుని వేరే కొట్టుకి వెళ్లినా అభ్యంతరం లేదు.

బతుకమ్మ పాటలు చేసేవాళ్లు ముందుగా పిలవండి. దసరా దగ్గర పడ్డాక మీ గదులన్నీ రాత్రీ పగలూ రికార్డింగుల్లోనే ఉంటాయి, కొలవడానికి గంటసేపు నిశ్శబ్దం దొరకదు. ప్యానెళ్లకి మేస్త్రి కనీసం రెండు వారాలు అడుగుతున్నాడు. ఆదివారం కొట్టు మూసి ఉంటుంది, గదులు కొలవడానికి ఆ రోజే వస్తాం.