దుంపలు నాటావా?

చి. చిన్నికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నాన్నకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. సంచి నిండా తులిప్, డాఫడిల్ దుంపలు కొన్నానని రాశావు, ఆ తర్వాత ఉత్తరం లేదు, ఫోను లేదు. పనిలో తీరిక దొరకడం లేదేమో. ఆ దుంపలు నాటావా లేదా, అదొక్కటీ చెప్పు.

నేల గడ్డకట్టక ముందే ఆ పని అయిపోవాలి. ముందు డాఫడిల్స్ నాటు. తులిప్‌లకు అంత తొందర లేదు, నేల బాగా చల్లబడ్డాక నాటితే మచ్చలు పడే బూజు తెగులు బెడద తగ్గుతుంది. అంతవరకు సంచిని గాలి ఆడే చల్లని చోట ఉంచు. ఆపిల్ పళ్ల పక్కన మాత్రం పెట్టకు. పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు లోపలి మొగ్గ చచ్చిపోతుంది. నమ్మకం లేకపోతే ఒక తులిప్ దుంపను నిలువునా కోసి చూడు. తెల్లటి పొరల నడుమ, గోరంత కూడా లేని పువ్వు రేకులతో, కేసరాలతో సహా అప్పటికే తయారై ఉంటుంది. ఇక దానికి కావలసింది చలే. మూడు నాలుగు నెలలు చలి తగలకపోతే కాడ సరిగా సాగదు.

నువ్వు ఆ ఇల్లు ఖాళీ చేస్తున్నావని చంటి ఎక్కడో విన్నాడట. అడగవద్దని నాన్న అన్నారు కాబట్టి అడగడం లేదు.

దుంప ఎత్తుకు మూడింతల లోతు తవ్వు. తులిప్, డాఫడిల్ అయితే సుమారు 15 సెంటీమీటర్లు, క్రోకస్ లాంటి చిన్నవాటికి 8 చాలు. మొన పైకి ఉండాలి. నీరు నిలిచే చోట నాటితే కుళ్లిపోతాయి. ఉడతలు తులిప్ దుంపలను తవ్వుకుని తింటాయి, పైన ఇనుప జాలీ పరిచి మట్టి కప్పు. డాఫడిల్ విషం కనుక వాటి జోలికి రావు. హయసింత్ దుంపలు ముట్టుకుంటే దురద పుడుతుంది. నీది అసలే సున్నితమైన ఒళ్లు, చేతి తొడుగులు లేకుండా వాటిని పట్టుకోకు.

పెద్దత్త చేసిన పని నీకు గుర్తుండదు, అప్పటికి నువ్వు ఇంకా పాకుతున్నావు. ఆ ఏడు గుమ్మం నుంచి గేటు దాకా డాఫడిల్స్ విరగబూశాయి. పూలు వాడాక ఆకులు నేల మీదికి వాలిపోయాయి. ఇంటికి బంధువులు వస్తున్నారని పెద్దత్త కత్తెర తీసుకుని అన్నిటినీ మొదలంటా కత్తిరించి, శుభ్రంగా ఊడ్చి పారేసింది. తాతయ్య వరండాలో నిలబడి చూశారు, ఒక్క మాట అనలేదు. మరుసటి వసంతంలో ఆకులే వచ్చాయి, పువ్వన్నది లేదు. మట్టిది తప్పని, ఎరువుది తప్పని పెద్దత్త అందరితోనూ వాదించింది. చివరికి ఒకటి తవ్వి తీస్తే వెల్లుల్లి రెబ్బంత ఉంది. పూలు పోయాక కనీసం ఆరు వారాల పాటు ఆ ఆకులే దుంపకు ఆహారం అందిస్తాయని తాతయ్య అప్పుడు చెప్పారు. ఆ దుంపలను పారేయనివ్వలేదు. ఆకులు కోయకుండా వదిలేస్తే కొన్నేళ్లకు బలం పుంజుకుని మళ్లీ పూశాయి. ఆ రోజు నీ పిలకలో పెట్టడానికి కూడా పెద్దత్త ఒక్క పువ్వు కోయనివ్వలేదు!

అందుకే చెబుతున్నాను, చూడటానికి బాగాలేదని దేన్నీ మధ్యలో తెంపేయకూడదు. ఉద్యోగమైనా అంతే. ఏడాది గడవకుండానే ఇది నా వల్ల కాదు అనుకుంటే ఎలా? సరే, ఆ మాట ఇప్పుడు వద్దు.

ఇల్లు మారుతున్నా సరే, నాటడం మానకు. క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వియన్నాలో ఉన్నాడు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నాడు, 67 ఏళ్ల వయసులో, 1593లో, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌కు మకాం మార్చాడు. అక్కడి విశ్వవిద్యాలయ తోటలో ఆయన నాటిన తులిప్‌లు 1594 వసంతంలో పూశాయి. నువ్వు వెళ్లేది నిజమే అయితే కుండీల్లో నాటు. అడుగున రంధ్రాలు ఉండాలి. దుంపలు ఒకదానికొకటి తగలకుండా దగ్గర దగ్గరగా పెట్టవచ్చు. కుండీలను వెచ్చని గదిలోకి తేకు, బయటే ఉంచు. మరీ గడ్డకట్టే చలి అయితే గోడ వారగా జరుపు. వెళ్లేటప్పుడు సామానుతో పాటు బండి ఎక్కించుకోవచ్చు. బరువు మాత్రం నువ్వు ఎత్తకు, నీ నడుము సంగతి నాకు తెలుసు.

నేలలో నాటావా, కుండీల్లో నాటావా, ఆ ఒక్క ముక్క వెంటనే రాయి. అడగవద్దన్న నాన్నే రోజూ రెండుసార్లు గేటు దగ్గరికి వెళ్లి ఉత్తరాల డబ్బా చూసి వస్తున్నారు.

అమ్మ