నీ తుంటి గురించి, ఆపరేషన్ డేట్ ఫిక్స్ చేసుకునే ముందు

నాన్నా,

నువ్వు పంపిన ఎంఆర్ఐ రిపోర్ట్ చదివాను. లేబ్రల్ టేర్, అంటే తుంటి కీలు అంచు రింగ్ చిరిగింది అని చూడగానే నువ్వు ఆపరేషన్ డేట్ కూడా అడిగేశావంట, మీ నాన్న చెప్పారు. కాస్త ఆగరా. ఇన్నేళ్ళు ఫిజియోగా చేసిన అమ్మని ఇంట్లో పెట్టుకుని ముందు నన్ను అడగవా? ఫోన్‌లో చెప్తే మధ్యలోనే సరే సరే అనేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా, మొత్తం చదువు.

తుంటి కీలులో తొడ ఎముక గుండ్రటి తల ఒక గుంటలో కూర్చుంటుంది. ఆ గుంట అంచు చుట్టూ ఉండే కార్టిలేజ్ రింగే లేబ్రమ్. కుక్కర్‌కి గాస్కెట్ ఎలాగో దీనికి అది అలాగ, లోపలి జిగురు ద్రవం బయటికి పోకుండా సీల్ వేసి తలని గుంటలో పట్టి ఉంచుతుంది. దానికి రక్తం అందేది తక్కువ, అందుకే చిరిగితే దానంతట అది అతుక్కోవడం కష్టం. ఈ మాట వినగానే అందరూ అయితే కుట్టించుకోవాల్సిందేగా అంటారు, అక్కడే తప్పులో కాలేస్తారు. చిరుగు అలాగే ఉన్నా నొప్పి తగ్గొచ్చు. 2012లో ఒక స్టడీ వచ్చింది, ఏ నొప్పీ లేని 45 మందికి ఎంఆర్ఐ తీస్తే 69 శాతం మందిలో లేబ్రల్ టేర్ కనిపించింది. వాళ్ళంతా హాయిగా తిరుగుతున్నవాళ్ళే. కాబట్టి రిపోర్ట్‌లో టేర్ అని ఉన్నంత మాత్రాన నీ నొప్పి దానివల్లే అని రాసిచ్చినట్టు కాదు.

మరి నీది దానివల్లేనా అంటే, అనుమానం మాత్రం గట్టిగానే ఉంది. మొన్న వీడియో కాల్‌లో నొప్పి ఎక్కడ్రా అంటే బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్ళు గజ్జ వైపు పెట్టి తుంటిని ఇంగ్లీష్ సి అక్షరంలా పట్టుకుని చూపించావు చూడు, కీలు లోపల నొప్పి ఉన్నవాళ్ళు చాలామంది అచ్చం అలాగే చూపిస్తారు. ఎక్కువసేపు కూర్చుంటే గజ్జలో లాగడం, కారు దిగేటప్పుడు కలుక్కుమనడం, సాక్స్ వేసుకోడానికి వంగితే పట్టేయడం, ఇవన్నీ దానికి సరిపోతాయి. నిన్ను వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు ఛాతీ వైపు మడిచి, తొడని లోపలికి తెచ్చి, పాదం బయటికి తిప్పి చూసుంటారు కదా, ఆ టెస్ట్‌లో నొప్పి రాకపోతే కీలు లోపలి సమస్య అయ్యే ఛాన్స్ తక్కువ, వస్తే మాత్రం లేబ్రమే అని తేలినట్టు కాదు. ఇంకా డౌట్ ఉంటే స్కాన్‌లో చూస్తూ కీలులోకి మత్తు మందు ఇంజెక్షన్ ఇస్తారు, ఆ కొన్ని గంటలు నొప్పి మాయమైతే తేడా కీలులోనే ఉందని అర్థం, మాయం కాకపోతే నడుమునో కండరాలనో చూసుకోవాలి. ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు ఈ ఇంజెక్షన్ గురించి కచ్చితంగా అడుగు.

అసలు నాకు ఎంఆర్ఐ కంటే నీ ఎక్స్‌రే ముఖ్యం. ఎందుకంటే చాలాసార్లు చిరుగు ఊరికే రాదు, ఎముక షేప్ వల్ల వస్తుంది. తొడ ఎముక తలకీ మెడకీ మధ్య కొంచెం ఎముక ఉబ్బి ఉంటే వంగినప్పుడల్లా అది అంచుకి రాసుకుంటుంది, దాన్ని క్యామ్ అంటారు, టీనేజ్‌లో బాగా ఆటలాడిన మగపిల్లల్లో ఎక్కువ, నువ్వు గ్రౌండ్ వదిలితే కదా అప్పట్లో. గుంట అంచే ఎక్కువ ముందుకొస్తే పిన్సర్. కొంతమందికి రెండూ ఉంటాయి. ఇలాంటప్పుడు ఎముక సరిచేయకుండా లేబ్రమ్ ఒక్కటీ కుడితే మళ్ళీ అదే రాపిడి. దీనికి పూర్తిగా రివర్స్ కేసు డిస్‌ప్లేసియా, అంటే గుంట లోతు తక్కువ, వాళ్ళకి కీహోల్‌తో, అంటే చిన్న రంధ్రాల్లోంచి, కుట్లు వేసి పంపేస్తే కుదరదు, ఒక్కోసారి గుంట ఎముకనే కోసి తిప్పి సరిచేయాల్సి వస్తుంది.

ముందు ఒక మూడు నెలలు సీరియస్‌గా ఫిజియో చెయ్యి. సీరియస్‌గా అంటే వారానికోసారి వెళ్ళి మెషీన్ పెట్టించుకుని రావడం కాదు. పిరుదుల కండరాలు, పొట్ట కండరాలు బలపడాలి, ఒంటికాలి మీద నిలబడినప్పుడు నడుము పక్కకి వాలకూడదు. తుంటి పట్టేసిందని మోకాలు గుండెకి లాక్కుని స్ట్రెచ్ చేస్తున్నావంట, వెంటనే మానెయ్, చిరిగిన చోటునే ఇంకా నలుపుతున్నావు. లోతైన స్క్వాట్లు వద్దు. కుర్చీ ఎత్తు పెంచి తుంటి మోకాలి కంటే పైకి ఉండేలా కూర్చో, కారు దిగేటప్పుడు రెండు కాళ్ళూ కలిపి బయటికి తిప్పి లే. కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొన్నాళ్ళు హాయిగా ఉంటుంది, దాన్ని ఎక్సర్‌సైజులు చేసుకోడానికి వాడుకోవాలి, మళ్ళీ గ్రౌండ్‌కి పరిగెత్తడానికి కాదు.

ఆపరేషన్‌కి నేను వ్యతిరేకం ఏం కాదు. 2018లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో, ఎముక రాపిడి ఉన్న 348 మందిలో కొందరికి ఆర్థ్రోస్కోపీ, అంటే ఆ కీహోల్ ఆపరేషన్, కొందరికి ఫిజియో ఇస్తే ఏడాదికి రెండు గ్రూపులూ మెరుగయ్యాయి, తుంటి ఎలా ఉందో కొలిచే స్కోరులో ఆపరేషన్ వాళ్ళు సగటున వందకి ఏడు పాయింట్ల దాకా ఎక్కువ. ఉపయోగం ఉంది, కానీ నువ్వనుకున్నంత మ్యాజిక్ కాదు. తర్వాత కొన్ని వారాలు చంకకర్రలు, ఆటలకి తిరిగి రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆపరేషన్‌లో కాలు లాగి పట్టుకుంటారు కాబట్టి కొంతమందికి గజ్జలోనో పాదంలోనో కొన్నాళ్ళు తిమ్మిరి ఉంటుంది, ముందే తెలిస్తే భయపడవు. కార్టిలేజ్ బాగా అరిగి కీలులో గ్యాప్ 2 మిల్లీమీటర్ల కంటే తగ్గినవాళ్ళకి మాత్రం దీనివల్ల పెద్దగా లాభం ఉండదు.

సర్జన్‌ని ఇవి అడుగు: నా ఎముక షేప్ ఏంటి, దాన్ని కూడా సరిచేస్తారా, లేబ్రమ్‌ని కుడతారా కత్తిరిస్తారా, గ్యాప్ ఎంత ఉంది. కుట్టడానికి వీలుంటే కత్తిరించడం కంటే అదే నయం. సమాధానాలు రాసుకో, నీ జ్ఞాపకశక్తి మీద నాకు నమ్మకం లేదు.

నిలబడి తీసిన ఎక్స్‌రే ఉంటే ఈ రాత్రికే పంపు, రిపోర్ట్ కాదు, ఫిల్మ్ ఫోటో. లేకపోతే రేపే తీయించుకో.

అమ్మ